వేట పోయింది, షికారు మిగిలింది

తెలుగులో 'షికారు' అనే మాట నడిచిన దూరం చిన్నది కాదు. పారశీకంలో వేట అనే అర్థంతో పుట్టి, దక్కనీ ఉర్దూ మీదుగా తెలంగాణ కచేరీల్లోకీ గడీల్లోకీ వచ్చిన ఈ మాట, నిజాం కాలంలో పులినో దుప్పినో కొట్టడానికి పెద్దలు పరివారంతో బయల్దేరడాన్ని సూచించేది; నేడు దానికి సాయంపూట సరదాగా అలా తిరిగి రావడమనే అర్థం తప్ప మరొకటి వెంటనే స్ఫురించదు. మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల పట్టణాల ఇళ్లలో పెరుగుతున్న లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, కాకర్ స్పానియల్ కుక్కల చరిత్ర కూడా ఈ మాట చరిత్రను పోలినదే. అవి కూడా వేటకోసం పుట్టి, సాయంకాలపు నడక దగ్గర ఆగాయి. అయితే మాట తన పాత అర్థాన్ని పూర్తిగా విడిచిపెట్టగలిగింది గానీ కుక్క ఒళ్లు విడిచిపెట్టలేకపోయింది.

ఈ మూడు జాతులనూ పాశ్చాత్యులు గన్‌డాగ్స్, అంటే తుపాకి కుక్కలు అనే వర్గంలో చేరుస్తారు. వేటకుక్కలన్నీ ఒకే కోవకు చెందినవి కావు. జంతువును కంటితో చూసి, వెంటబడి, పరుగులో ఓడించి పట్టేవి ఒక రకం కాగా, నేలమీది వాసన పట్టుకొని గంటల తరబడి జాడ తీసేవి మరో రకం. ఈ రెండింటికీ తుపాకితో పనిలేదు, చాలాసార్లు చంపే పని కూడా అవే చూసుకుంటాయి. తుపాకి కుక్క చంపదు. తుపాకి పేలడానికి ముందో, పేలిన తర్వాతో మనిషికి సాయపడడమే దాని పని. పొదలో పిట్ట ఉన్నదని వాసనతో పసిగట్టి, ముందరి కాలు ఒకటి ఎత్తి, శిలలా నిలబడి చూపేది పాయింటర్. గుబుర్లలో దూరి పిట్టను లేపేది స్పానియల్. కూలిన పిట్టను, అది నీళ్లలో పడినా సరే, నోట కరచుకొని యజమాని చేతికి తెచ్చి ఇచ్చేది రిట్రీవర్. తెచ్చేటప్పుడు పిట్ట ఒంటిమీద పంటిగాటు పడకూడదు కాబట్టి, పట్టు సడలకుండానే దవడ బిగించని కుక్కలను ఏరి తరతరాలుగా జతకట్టించారు. ఈ గుణానికే వేటగాళ్లు 'మెత్తని నోరు' అని పేరు పెట్టారు.

ఈ జాతులు స్థిరపడింది 19వ శతాబ్దపు బ్రిటన్‌లో. గొట్టం మూతినుంచి మందు దట్టించే పాత తుపాకి స్థానంలో, ఆ శతాబ్దం మధ్యనాటికి, వెనుకనుంచి తూటా పెట్టే తుపాకి వచ్చింది. దానితో నిమిషానికి ఎన్నో గుళ్లు పేలాయి, ఒక్క ఉదయంలో వందల పిట్టలు రాలాయి, రాలినవాటిని ఏరి తేవడమే ఒక పెద్ద పనైంది. కెనడా తీరంలోని న్యూఫౌండ్‌లాండ్ దీవిలో చేపలు పట్టేవాళ్లు వలల పని కోసం వాడుకునే నీళ్లకు అలవాటుపడిన పొట్టివెంట్రుకల కుక్కలను మామ్స్‌బరీ ప్రభువులు, బక్లూ డ్యూకులు తమ ఎస్టేట్లలో పెంచి రూపుదిద్దితే అవి లాబ్రడార్లయ్యాయి. 1903లో బ్రిటన్ కెన్నెల్ క్లబ్ వాటిని ప్రత్యేక జాతిగా గుర్తించింది. ట్వీడ్‌మౌత్ ప్రభువు 1868లో పసుపురంగు రిట్రీవర్‌ను ట్వీడ్ వాటర్ స్పానియల్‌తో జతకట్టించగా పుట్టిన పిల్లలు గోల్డెన్ రిట్రీవర్‌కు మూలం. ఉడ్‌కాక్ అనే పిట్టను లేపుతుంది కనుక ఆ చిన్న స్పానియల్ కాకర్ అయింది. ఈ వంశవృక్షాల్లో ఎక్కడ చూసినా ఎస్టేటు, తుపాకి, చలి, చన్నీళ్లు కనిపిస్తాయి. ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటే గోదావరి తీరపు చెలకలతో వీటికి ఏ సంబంధమూ లేదు.

అలాగని మెట్‌పల్లి సీమకు వేటకుక్క కొత్త కాదు. కల్యాణి చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు 1129 ప్రాంతంలో రచించిన మానసోల్లాసంలో రాజు వినోదాలను వర్ణిస్తూ సారమేయ వినోదానికి, అంటే కుక్కలతో ఆడే వేటకు, ప్రత్యేకంగా చోటిచ్చాడు. ఆ కాలంలో నేటి జగిత్యాల పక్కనే ఉన్న పొలాస కేంద్రంగా ఏలిన సామంతులు ఈ చాళుక్యుల ఛత్రం కిందివారే. వారిలో మేడరాజును కాకతీయ రుద్రదేవుడు ఓడించినట్టు 1163 నాటి హనుమకొండ శాసనం చెబుతుంది. తర్వాతి శతాబ్దాల్లో ప్రబంధాలు వేట ఘట్టం లేకుండా నడవడం అరుదైంది. పెద్దన మనుచరిత్రలో స్వరోచి వేటకు, ధూర్జటి కాళహస్తి మాహాత్మ్యంలో తిన్నని వేటకు కుక్కలు వెంట నడుస్తాయి. ఆ కుక్కలకు కవులు వాడిన మాట 'జాగిలం'. దక్కనులో జాగిలమంటే బక్కపలుచని నడుము, పొడుగాటి కాళ్లు గల, చూపుతో వేటాడే కుక్క. నిజాం రాజ్యంలో భాగమైన మరాఠ్వాడాలోని కారవాన్, కన్నడసీమలోని ముధోల్ ఈ కోవకు చెందినవే. బంజారాల ఎడ్ల బిడారుల వెంట నడిచిన తండా కుక్కల గురించి 19వ శతాబ్దపు ఆంగ్లేయులు కూడా మెచ్చుకోలుగా రాసుకున్నారు.

ప్రభువుల సంగతి అటుంచితే, ఊళ్లో వేటకు వంశంతో పనిలేదు. ఏ జాతికీ చెందని ఊరకుక్కల్లోనే చురుకైనదాన్ని చూసి, కుందేలు, ఉడుము, అడవిపంది వేటకు అలవాటు చేసేవారు. కౌజుపిట్టకు, పూరేడుకు వలలు, ఉచ్చులు వేరే ఉండేవి. కురుమల మందల వెంట రాత్రి తోడేలును కాచేదీ ఇలాంటి కుక్కే. దానికి దైవసన్నిధిలో స్థానం కూడా దక్కింది. ఒగ్గు పూజారులు కొలిచే మల్లన్న దేవుని వెంట కుక్క ఉంటుంది, ఆయన ప్రసాదం బండారి, అంటే పసుపు. పసుపు పంటకూ పసుపు మార్కెట్‌కూ పేరుపడిన మెట్‌పల్లి మండలంలోనే, పెద్దాపూర్‌లో, ఏటా మల్లన్న బోనాల జాతర జరగడం చూస్తే, ఈ నేలమీద కుక్కను మనిషి ఎక్కడ నిలిపాడో కొంత అర్థమవుతుంది. ఇంటి లోపల కాదు. వాకిట్లో, మంద దగ్గర, దేవుని పాదాల దగ్గర.

మరి తుపాకి వచ్చినప్పుడు తుపాకి కుక్క ఎందుకు రాలేదన్నది ఇక్కడి చరిత్రలో ముఖ్యమైన ప్రశ్న. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ (పాలన 1869–1911) షికారులకు రాజా దీన్‌దయాళ్ తీసిన ఫొటోలే సాక్ష్యం. హైదరాబాద్ కంటింజెంట్‌లో పనిచేసిన బర్టన్ అనే సైనికాధికారి దక్కను వేటమీద పుస్తకమే రాశాడు. 1905లో కరీంనగర్‌గా పేరు మారిన నాటి ఎల్గందల్ జిల్లాలో గోదావరి ఒడ్డు పొడుగునా అడవి దట్టంగానే ఉండేది. సికింద్రాబాద్ కంటోన్మెంట్ బంగళాల్లో స్పానియళ్లు, పాయింటర్లు లేకపోలేదు. అయినా తాలూకా ఊళ్లకు అవి దిగిరాలేదంటే, వాతావరణం పడకపోవడం, గోమార్ల వల్ల వచ్చే జ్వరం అనే రెండు కారణాలే చాలవు.

మొదటి అసలు కారణం తుపాకిలోనే ఉన్నది. పల్లెల్లో ఎక్కువగా ఉన్నది భర్మారు, అంటే గొట్టంలో మందు, గుడ్డపేలిక, ఇనుప గుండ్లు వరసగా దట్టించి పేల్చే తుపాకి. ఒక్క దెబ్బ తర్వాత మళ్లీ దట్టించేలోగా చెరువుమీది బాతులన్నీ లేచిపోతాయి. పడిన ఒకటి రెండు పిట్టలను తేవడానికి ఒక పిల్లవాడు చాలు, రిట్రీవర్ అక్కరలేదు. రెండో కారణం ఇంతకంటే బరువైనది. బ్రిటన్ ఎస్టేటులో కుక్క చేసిన పనిని తెలంగాణలో వెట్టి మనిషి చేశాడు. దొర గానీ, దౌరా మీద వచ్చిన అధికారి గానీ షికారు తలపెడితే, ఊరి వెట్టివాళ్లు పని మానుకొని అడవి అంచున వరసకట్టి, డప్పులు కొట్టి, అరుస్తూ జంతువును తుపాకి ముందుకు తోలాలి. దీనినే హాంకా అనేవారు. పొదల్లో దూరి లేపడం స్పానియల్ పని, పడినదాన్ని మోసుకురావడం రిట్రీవర్ పని. కూలి, కూడు, కట్టుబాటు ఏదీ లేకుండా మనిషే ఈ రెండూ చేస్తున్నచోట, మేపి, శిక్షణ ఇచ్చి, జ్వరం వస్తే చూసుకోవలసిన కుక్కను పెంచే అవసరం ఎవరికి ఉంటుంది? ఒక కుక్కజాతి ఒక ప్రాంతానికి రాకపోవడంలో కూడా అక్కడి భూసంబంధాలు కనిపిస్తాయనడానికి ఇంతకంటే నిదర్శనం వెతకనక్కరలేదు.

ఆ షికారును ఊరు ఎలా చూసిందో తెలుసుకోవాలంటే పిట్టలదొరను తలచుకోవాలి. ఖాకీ బట్టలు, నెత్తిన టోపీ, భుజాన కట్టె తుపాకితో ఇల్లిల్లూ తిరుగుతూ, తాను కొట్టిన పులుల గురించీ ఏలిన రాజ్యాల గురించీ కోతలు కోసి నవ్వించి, గింజలో పైసలో అడుక్కునే ఈ జానపద కళాకారుణ్ణి తుపాకి రాముడని కూడా అంటారు. దొరనూ అధికారినీ వాకిట్లో నిలబెట్టి ఎగతాళి చేయడానికి ఊరు కనిపెట్టిన పద్ధతి ఇది. అసలు తుపాకులు పోయిన తర్వాత కూడా ఆ కట్టె తుపాకి చాలాకాలం తిరిగింది.

అసలు తుపాకులు పోయింది రెండు దెబ్బలతో. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. కొన్ని జంతువుల విషయంలో లైసెన్సుతో వేటకు అది మొదట్లో ఉంచిన సందును 1991 సవరణ మూసేసింది. ఆ చట్టం వేట అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో చంపడం, పట్టడం, ఉచ్చు వేయడంతోపాటు తరమడం కూడా ఉన్నది. అంటే జింక వెంటనో కుందేలు వెంటనో కుక్కను ఉసిగొల్పడం కూడా వేటే. రెండో దెబ్బ ఈ ప్రాంతానికే ప్రత్యేకమైనది. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో రైతుకూలీల జైత్రయాత్ర జరగడం, ఆ అక్టోబరులోనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించడం, తర్వాత దొరలు ఒక్కొక్కరే గడీలకు తాళాలు వేసి కరీంనగర్‌కో హైదరాబాద్‌కో తరలిపోవడం ప్రసిద్ధమైన చరిత్రే. గడీల్లోని తుపాకులు కొన్ని నక్సలైట్ దళాల చేతికి, మరికొన్ని పోలీసు స్టేషన్లకు చేరాయి. తుపాకి కుక్క మెట్‌పల్లికి వచ్చేసరికి ఇక్కడ తుపాకి లేదు, లేపవలసిన పిట్టను కొట్టే హక్కు లేదు, హాంకాకు పిలిచే దొర కూడా లేడు.

మొదట అది వచ్చింది పోలీసు వ్యానులో. అడవి దారుల్లో మందుపాతరలు పేలిన సంవత్సరాల్లో, మంత్రుల సభలకు ముందు వేదికల కింద వాసన చూస్తూ తిరిగిన కుక్కల్లో లాబ్రడార్లు ముందువరసలో ఉన్నాయి. హైదరాబాద్ పక్కన మొయినాబాద్‌లోని పోలీసు శిక్షణ సంస్థలో నేటికీ వాటిని తయారుచేస్తున్నారు. ఇక్కడ భాష చేసిన చమత్కారం ఒకటుంది. ప్రబంధాలతోపాటే మూలపడిందనుకున్న 'జాగిలం' అనే మాట దినపత్రికల నేరవార్తల్లో మళ్లీ ప్రాణం పోసుకొని, పోలీసు జాగిలమై, ఎక్కడి బక్కనడుము దక్కను వేటకుక్కకో చెందవలసిన పేరు బొద్దుగా, తిండిమీద ధ్యాసతో ఉండే న్యూఫౌండ్‌లాండ్ సంతతికి అంటుకున్నది.

ఇళ్లలోకి వచ్చిన దారి మాత్రం గల్ఫు దారి. 1970ల తర్వాత మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ఊళ్లనుంచి దుబాయి, మస్కట్, సౌదీలకు పోయినవాళ్ల సంపాదనతో పెంకుటిళ్ల స్థానంలో స్లాబు ఇళ్లు లేచాయి, వాటి చుట్టూ ప్రహరీ, ముందు ఇనుప గేటు, గేటుకు కుక్క ఉన్నది జాగ్రత్త అనే రేకు వచ్చాయి. రేకు వచ్చాక కుక్క రాక తప్పదు. ముందు తెల్లని బొచ్చు పామేరియన్లు, తర్వాత అల్సేషియన్లు, డాబర్‌మన్లు, వాటి వెనుక లాబ్రడార్లు వచ్చాయి. మగమనిషి పరదేశంలో ఉండగా, బీడీలు చుట్టుకునే ఇల్లాలు, ముసలి అత్తమామలు, బడికిపోయే పిల్లలు ఉన్న ఇంటికి కరవని, పిల్లలతో కలిసిపోయే కుక్క కావలసివచ్చింది. మగ్గాలు, మనుషులు ఒకే కప్పు కింద సర్దుకునే సిరిసిల్ల ఇరుకిళ్లలో దీనికి చోటు తక్కువ. ప్రహరీలున్న కోరుట్ల, మెట్‌పల్లి కాలనీల్లో ఎక్కువ. 2022లో ఒక లాబ్రడార్ కథతో వచ్చిన 777 చార్లీ సినిమా ఈ మోజుకు ఇంకొంత ఊతమిచ్చింది. అమెరికాలో 1991 నుంచి 2021 వరకు వరసగా 31 ఏళ్లు నమోదుల్లో మొదటి స్థానం ఈ జాతిదే కనుక, మెట్‌పల్లి అభిరుచిని వింతగా చూడనక్కరలేదు. కావలికని తెచ్చుకున్నవాళ్లు మాత్రం కొంత నిరాశపడక తప్పలేదు, ఎందుకంటే లాబ్రడార్ దొంగకు కూడా తోక ఊపి స్వాగతం చెప్పగలదు. రెండేళ్లకోసారి సెలవుమీద వచ్చే ఇంటి యజమాని కూడా దానికి మొదటిరోజు దొంగతో సమానమే.

గుమ్మం దాటి లోపలికి పోతే వేట ఇంకా ఎక్కడ దాగి ఉన్నదో తెలుస్తుంది. చుట్టం గేటు తీయగానే లాబ్రడార్ ఎదురుగా వస్తుంది, నోట్లో ఒక చెప్పుంటుంది. ఆ చెప్పును కొరకదు. పట్టీ మధ్యకు పట్టుకొని, తల కొంచెం ఎత్తి, ఒళ్లంతా ఊపుకుంటూ తెచ్చి ముందు నిలబడుతుంది. తీసుకొని చూస్తే తడి తప్ప పంటిగాటు కనబడదు. చెప్పులు ఎత్తుకుపోయే పాడు అలవాటని ఇంటివాళ్లు విసుక్కునే ఈ పనికోసమే బక్లూ డ్యూకులు తరాల తరబడి కుక్కలను ఏరారు. అలాగే పసుపు ఉడకబెట్టి కల్లంలో ఎండబోసిన కాలంలో, రాశిమీద వాలిన పావురాల వైపు కాకర్ స్పానియల్ ముక్కు నేలకానించి, తోక వేగంగా ఆడిస్తూ దూసుకుపోవడం పిచ్చిచేష్ట కాదు. లేపడమే దాని వృత్తి.

పని చేయడానికి పుట్టిన ఒంటికి పని దొరకకపోతే అది గోడ సున్నం గీకుతుంది, కుండీలు తవ్వుతుంది, లేదా లావెక్కుతుంది. లాబ్రడార్‌కు రోజుకు రెండు గంటలకు పైగా తిరుగుడు ఉండాలని బ్రిటన్ కెన్నెల్ క్లబ్ చెబుతుంది; జగిత్యాల జిల్లా మే నెలలో సూర్యోదయం తర్వాత గంటకే రోడ్డు కాలడం మొదలవుతుంది కాబట్టి ఆ రెండు గంటలూ చీకట్లోనే దొరకాలి. నీరు అంటకుండా నూనెతో నిగనిగలాడే రెండు పొరల బొచ్చు చన్నీళ్లకు కవచమే గానీ ఎండకు దుప్పటి. కుక్కకు చెమట పట్టేది ప్రధానంగా పాదాల్లోనే కనుక, నాలుక చాచి వగర్చడమొక్కటే దానికి మిగిలిన ఉపాయం. ఇక తిండి. 2016లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పరిశోధకులు, పీఓఎంసీ అనే జన్యువులో చిన్న ముక్క లోపించిన లాబ్రడార్లకు కడుపు నిండిన తృప్తి సరిగా తెలియదని, ఆ లోపం జాతిలో సుమారు 23 శాతం కుక్కల్లో ఉన్నదని తేల్చారు. సహాయక కుక్కల్లో అది 76 శాతం దాకా కనబడింది. తిండిముక్క ఆశ చూపి పని నేర్పగల కుక్కే మంచి పనికుక్క అయినందువల్ల, ఆకలిని కూడా మనిషే ఏరి పెంచినట్టయింది. అన్నం, పెరుగు, మిగిలిన గట్క, దసరానాటి యాటమాంసం బొక్కలు, పక్కింటి పిల్లల బిస్కెట్లు అన్నీ పెట్టే ఇంట్లో, పాపం ఎప్పుడూ ఆకలిగానే ఉంటుందని జాలిపడే ముసలమ్మ ఉన్నచోట, 30 కిలోలు ఉండవలసిన కుక్క 40 దాటడానికి రెండేళ్లు చాలు.

గోమార్ల జ్వరం నేటికీ పోలేదు, కానీ వైద్యం దగ్గరికి వచ్చింది. కోరుట్లలో 2008లో మొదలై, ప్రస్తుతం పీవీ నరసింహారావు పేరిట ఉన్న పశువైద్య విశ్వవిద్యాలయం కింద నడుస్తున్న పశువైద్య కళాశాల, బర్రెలు, గొర్రెలు ప్రధానమైన ఈ వ్యవసాయ సీమలో ఇంటికుక్కలను కూడా చూస్తుంది. ఎనిమిది వారాలు నిండని పిల్లలను అమ్మరాదని 2017 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నా, కళ్లు సరిగా తేరని పిల్ల అట్టపెట్టెలో బస్సెక్కి రావడం ఆగలేదు. తల్లిదగ్గర ఉండవలసిన వారాలు పోగొట్టుకున్న పిల్లకు ముందు విరేచనాలు, తర్వాత బెదురు పట్టుకోవడం పెంచేవాళ్లందరూ ఎరిగినదే.

నీటి సంగతి మిగిలింది. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ ప్రాజెక్టు కాకతీయ కాలువ ఈ ప్రాంతం మీదుగా పోతుంది. సిమెంటు లైనింగుతో ఏటవాలుగా, జారుడుగా ఉండే ఆ కాలువ మనిషికే ప్రమాదం, కుక్కకు మరింత ప్రమాదం, దిగినది ఎక్కిరాలేదు. ఊరి చెరువు వేరు. కుక్క తోక పట్టుకొని గోదారి ఈదినట్టు అనే సామెత పుట్టించినవాళ్లు లాబ్రడార్‌ను చూసి ఉండరు. కాలివేళ్ల మధ్య పొర, నీటికుక్క తోకలా మొదట్లో లావుగా ఉండి చుక్కానిలా తిరిగే తోక ఉన్న ఈ జంతువు ఊళ్లోని ఏ కుక్కకంటే కూడా నీళ్లలో ధీమాగా ఉంటుంది. చలికాలంలో వలస బాతులు దిగే చెరువుల దగ్గర, నెమళ్లు తిరిగే మొక్కజొన్న చేల గట్లమీద, తాడు మాత్రం చేతిలోనే ఉండాలి. అక్కడ తాడు వదిలి కుక్కను ఉసిగొల్పితే చట్టం దృష్టిలో అది షికారే, పాత అర్థంలో. పిట్టలు లేని ఎండాకాలపు తెల్లవారుజామున, గట్టుమీదినుంచి విసిరిన తాటికమ్మ ముక్క నీళ్లమీద పడగానే లాబ్రడార్ దూకుతుంది, తల మాత్రమే పైకి కనబడుతూ సూటిగా పోయి దాన్ని పట్టుకుంటుంది, తిరిగి ఒడ్డెక్కి, ఒళ్లు దులుపుకోకముందే తెచ్చి మనిషి చేతిలో పెట్టి, మళ్లీ విసరమని నీళ్లవైపు చూస్తూ కూర్చుంటుంది.